భీతి నవలకు శత్రువు ముఖం అవసరమా? స్టీవర్ట్, స్టీఫెన్ కింగ్, కృష్ణాతీరం

జార్జ్ ఆర్. స్టీవర్ట్ రచించిన ‘ఎర్త్ అబైడ్స్’ 1949లో వెలువడింది. స్టీఫెన్ కింగ్ ‘ది స్టాండ్’ 1978లో వచ్చింది. తన నవలకు స్టీవర్ట్ రచన ప్రేరణ అని కింగ్ ‘డాన్స్ మకాబ్ర్’ (1981)లో స్వయంగా చెప్పుకున్నాడు. కనుక ప్రభావం ఉందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అతడు దేనిని స్వీకరించాడు, దేనిని స్వీకరించలేకపోయాడు అన్నదే పరిశీలించదగిన అంశం.

స్టీవర్ట్ కథానాయకుడు ఇషర్‌వుడ్ విలియమ్స్ పర్యావరణ పరిశోధక విద్యార్థి. కొండల్లో ఒంటరిగా ఉండగా పాముకాటుకు గురై, తేరుకొని దిగివచ్చేసరికి మహమ్మారి జనాన్ని తుడిచిపెట్టి ఉంటుంది. నవలలో దయ్యం లేదు. వీధిదీపాలు కొంతకాలం వెలుగుతూనే ఉండి, క్రమంగా మసకబారి ఆరిపోతాయి. చీమలు విపరీతంగా పెరిగి, వాటంతటవే తగ్గిపోతాయి. ఎలుకల దండూ అంతే. కుళాయిలో నీళ్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. అవి ఆగిన రోజునగాని ఎక్కడినుండి వస్తున్నాయో ఎవరికీ పట్టదు. గ్రంథాలయం చెక్కుచెదరదు, పిల్లలకు మాత్రం చదువుపై ఆసక్తి ఉండదు. మనిషి లేని లోటు భూమికి తెలియదన్న ఈ ఉదాసీనతే నవలలోని అసలైన భయానకం.

కింగ్ ఈ శూన్యాన్ని గట్టిగా పట్టుకున్నాడు. శవాలతో, నిలిచిపోయిన కార్లతో నిండిన లింకన్ సొరంగంలో లారీ అండర్‌వుడ్ చీకట్లో నడిచే ఘట్టం అందుకు నిదర్శనం. కానీ రాండల్ ఫ్లాగ్ అనే దుష్టశక్తిని ప్రధానం చేసి, కథను మంచిచెడుల సమరంగా మార్చాడు. నవల పలుచబడింది అక్కడే. స్టీవర్ట్ ఆర్పేసిన విద్యుత్తును కింగ్ పాత్రలు బౌల్డర్ నగరంలో మళ్లీ తెప్పించుకుంటాయి కూడా.

తెలుగు భీతి నవలది కింగ్ దారే. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో భయం ఒక ఇంటిని, ఒక పసిపిల్లను చుట్టుకొని ఉంటుంది, ప్రయోగం చేసే మాంత్రికుడు ఉన్నాడు, వెనుక ధనాశ ఉంది. రిచర్డ్ మాథెసన్ ‘ఐ యామ్ లెజెండ్’ (1954) నుండి రొమేరో 1968 నాటి చిత్రానికి అందిన సంప్రదాయం ‘జాంబీ రెడ్డి’ (2021)తో కర్నూలు సీమకు చేరింది. అయితే అక్కడ అది ముఠాకక్షలతో కలిసి హాస్యంగా మారింది. ఆ మార్పు తెలివైనదే. శూన్యం మాత్రం అందులో లేదు.

ఆ శూన్యానికి ఇక్కడ ఆధారం లేకపోలేదు. ఆత్మకూరు సమీపాన జూరాలను దాటిన కృష్ణ, దిగువన శ్రీశైలం జలాశయంలో చేరుతుంది. ఆ జలాశయం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లను ముంచింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురానికి తరలించి తిరిగి నిర్మించారు. ఇళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. ఇది స్టీవర్ట్ చూపిన ప్రకృతిలా నిర్దోషి కాదు, ప్రాజెక్టు మనుషుల నిర్ణయమే. అయినా నీరు గడప దాటే వేళ ఎదుట నిలబడే శత్రువు లేడు, విరుగుడు మంత్రమూ లేదు. ఆవలి ఒడ్డున సప్తనదీ సంగమం వద్ద మరో సంగమేశ్వరాలయం నేటికీ వేసవిలో బయటపడుతుంది, వరద రాగానే మునిగిపోతుంది.