భయపడింది ఎవరు, భయపెట్టింది ఎవరు?

ఇంగ్లీషు సాహిత్యం చదివే మన పిల్లలకు అమెరికా సాహిత్యం పేపర్లో మొదట ఎదురయ్యేది ప్యూరిటన్లు. ఇంగ్లండులో తమ మతాన్ని తాము కోరుకున్న తీరులో సాగనివ్వలేదని ఓడలెక్కి అట్లాంటిక్ దాటి వచ్చినవాళ్లు. వాళ్ల ప్రసంగాలు, డైరీలు, అనుభవ కథనాలే ఆ దేశపు తొలి సాహిత్యంగా గైడుల్లో కనిపిస్తాయి. మా దగ్గర చదువుకుని ఇప్పుడు విజయవాడలో డిగ్రీ చేస్తున్న ఒక అమ్మాయి ఈ పాఠం మీద రాసుకున్న వ్యాసాన్ని మాకు చూపించింది. మతం, భయం, అధికారం అనే మూడు మాటల చుట్టూ రాసింది. దేవుడి భయం మనుషుల్ని ఎలా కట్టి ఉంచిందో, ఆ భయం పాస్టర్ల చేతిలో అధికారంగా ఎలా మారిందో చక్కగా వివరించింది. అయితే ఒక వాక్యం దగ్గర మేము ఆగిపోయాం. అడవుల్లోని ఆటవికుల వల్ల వలస వచ్చినవాళ్లు నిత్యం భయంతో బతికారని ఉంది అందులో. రాసింది మన ఎరుకల అమ్మాయి.

ఆ వాక్యం అబద్ధం కాదు. వలస వచ్చినవాళ్లు నిజంగానే భయపడ్డారు. కాని ఆ అడవి ఎవరిది, అందులో ఉన్నవాళ్లు ఎవరిని చూసి భయపడ్డారు అనే ప్రశ్న వ్యాసంలో లేదు. గైడులోనూ లేదు. పుస్తకం రాసినవాళ్ల కళ్లతోనే చూడడం చదివేవాళ్లకు అలవాటైపోతుంది. అందుకే ఆ పుస్తకాలను ఆదివాసులుగా మరోసారి చదవాలనిపించింది. చదివాక మాకు తేలింది ఒకటే. కలం చేతిలో ఉన్నవాడు భయపడితే ఆ భయం చట్టంగా మారుతుంది. కలం లేనివాడి భయం ఎవరి లెక్కలోకీ రాదు. అమెరికాలో జరిగిన ఈ పని మన కృష్ణ ఒడ్డున కూడా జరిగింది.

ముందు అందరికీ తెలిసిన ప్రసంగం చూద్దాం. 1741 జూలై 8న కనెక్టికట్‌లోని ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్లో జోనాథన్ ఎడ్వర్డ్స్ కోపించిన దేవుడి చేతుల్లో ఉన్న పాపుల గురించి మాట్లాడాడు. మండే గుండం మీద సాలెపురుగును పట్టుకున్నట్టు దేవుడు మనిషిని పట్టుకుని ఉన్నాడని, ఆ చెయ్యి వదిలితే అంతేనని వినేవాళ్ల కళ్లకు కట్టించాడు. ప్రసంగం పూర్తికాకముందే జనం ఏడుపులు, కేకలతో చర్చి నిండిపోయిందని ఆనాటివాళ్లు రాసిపెట్టారు. ఈ భయం మనకు నచ్చినా నచ్చకపోయినా, అందులో ఒక సమానత్వం ఉంది. ఎడ్వర్డ్స్ చూపించిన గుండం ముందు ఉన్నవాడూ లేనివాడూ ఒకటే. ఎవరి పాపం వాళ్లు చూసుకోమంటాడు.

అదే భయం ఎదుటివాళ్ల మీదికి తిరిగితే ఏమవుతుందో అంతకు యాభై ఏళ్ల ముందే మసాచుసెట్స్‌లోని సేలం చూపించింది. 1692లో అక్కడ మంత్రగత్తెలు, మంత్రగాళ్లు అనే నింద మీద 19 మందిని ఉరితీశారు. కోర్టుకు జవాబు చెప్పనన్న ఒక ముసలాయన్ని బరువైన రాళ్ల కింద నొక్కి చంపారు. మొదట నింద పడింది ముగ్గురు ఆడవాళ్ల మీద. ఒకామె బిచ్చమెత్తుకుని బతికేది. మరొకామె టిటూబా, పాస్టరు ఇంట్లో బానిస. కోర్టు కాగితాలు ఆమెను ఇండియన్ అని రాశాయి. ఊరికి భయం పుట్టినప్పుడు ముందుగా ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో ఇక్కడ తెలుస్తుంది. చేతబడి, చిల్లంగి అనే అనుమానంతో ఒంటరి ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు మన ఏజెన్సీ నుంచి కూడా వస్తూనే ఉన్నాయి. కాబట్టి ఈ పాఠాన్ని ఎవరో తెల్లవాళ్ల పాపంగా చదివి పక్కన పెట్టడానికి మనకు వీల్లేదు.

సేలం విచారణలను సమర్థిస్తూ కాటన్ మాథర్ 1693లో ఒక పుస్తకం అచ్చు వేశాడు. ఒకప్పుడు సైతాను రాజ్యమేలిన నేల మీద దేవుడి ప్రజలు వచ్చి స్థిరపడ్డారని, అందుకే సైతానుకు కోపం వచ్చిందని ఆయన వాదన. ఆ నేల అప్పటిదాకా వాంపనోగ్, నిప్‌మక్, మసాచుసెట్ ప్రజలది. వాళ్లు అక్కడ మొక్కజొన్న పండించారు, చేపలు పట్టారు, పిల్లల్ని కన్నారు, పెద్దల్ని పూడ్చిపెట్టారు. మాథర్ ఆ పేర్లు తీసేసి సైతాను పేరు పెట్టాడు. ఆ ఒక్క మార్పుతో భూమి ఎవరిది అనే ప్రశ్న మాయమైపోయింది. సైతాను దగ్గర నుంచి లాక్కుంటే దొంగతనం అనరు కదా. మతం, భయం, అధికారం మూడూ కలిసి పనిచేసే తీరు ఇక్కడ ఉన్నంత స్పష్టంగా మరెక్కడా లేదని మా అభిప్రాయం.

మేరీ రోలండ్‌సన్ పుస్తకం ఇంతకంటే కష్టమైనది. 1676లో మెటాకామ్ నాయకత్వంలో యుద్ధం జరుగుతున్నప్పుడు ఆదివాసులు ఆమెను బందీగా పట్టుకున్నారు. పదకొండు వారాలు వాళ్లతో తిరిగింది. ఆరేళ్ల కూతురు గాయాలతో ఆమె చేతుల్లోనే చనిపోయింది. ఆ పేజీలు చదివితే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. ఆమె దుఃఖాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కాని 1682లో అచ్చయిన ఆ పుస్తకంలోనే వేరే సంగతులు కూడా ఉన్నాయి. ఆకలితో అల్లాడుతున్న ఆ జనమే ఆమెకు తమ తిండిలో పెట్టారు. ఆడమనిషిగా తనతో ఎవరూ తప్పుగా ప్రవర్తించలేదని ఆమే ఒప్పుకుంది. మెటాకామ్ తన కొడుక్కి చొక్కా కుట్టమని అడిగి, కుట్టినందుకు ఒక షిల్లింగు ఇచ్చాడు. ఆ డబ్బుతో ఆమె గుర్రం మాంసం కొనుక్కుంది. బందీకి కూలి ఇచ్చిన మనిషి అతను. అయినా ఆమె కథలో వాళ్లు మంచి చేస్తే అది దేవుడి దయ, చెడు చేస్తే అది వాళ్ల స్వభావం. మంచికి వాళ్లు ఎప్పుడూ కర్తలు కారు. మన గురించి ఇతరులు రాసిన రాతల్లో ఈ వాక్య నిర్మాణాన్ని మనం గుర్తుపట్టగలగాలి.

ఆ ఏడాదే మెటాకామ్‌ను చంపి, తల నరికి ప్లిమత్‌లో కొయ్యకు గుచ్చారు. ఏళ్ల తరబడి అది అక్కడే ఉంది. అతని కొడుకును బానిసగా అమ్మేశారు. ఆ పిల్లవాడి భయం ఎంతటిదో చెప్పే పుస్తకం లేదు.

ఇప్పుడు మన ఒడ్డుకు వద్దాం. విజయవాడ నుంచి మద్రాసు వైపు రైలెక్కితే బాపట్ల దాటాక స్టూవర్టుపురం స్టేషను వస్తుంది. ఆ పేరు హెరాల్డ్ స్టూవర్ట్ అనే మద్రాసు ప్రభుత్వపు పెద్ద అధికారిది. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేయడం, వేలిముద్రలు తీసుకోవడం, ఒకచోట కట్టడి చేయడం, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో ఉంచడం, వీటన్నిటికీ ఆ చట్టం అధికారం ఇచ్చింది. దాని కింద ఎరుకల వాళ్లను ఉంచడానికి 1913 ప్రాంతంలో వెలసిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. నడిపింది పోలీసులు కాదు, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. బెజవాడకు ఎదురుగా కృష్ణ అవతలి గట్టున సీతానగరంలో కూడా అలాంటి సెటిల్‌మెంట్ నడిచింది.

అంతకుముందు ఎరుకల వాళ్లు ఏం చేసేవాళ్లు? గాడిదల మీద, ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు తిరిగేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు చట్టాలు వచ్చి ఆ వర్తకం దెబ్బతింది. బతుకుతెరువు పోయినందుకు కారణం ప్రభుత్వ విధానం. నింద మాత్రం రక్తం మీద వేశారు. ఒకచోట ఉండని మనిషి అంటేనే అధికారులకూ భూస్వాములకూ భయం, ఆ భయమే చట్టమైంది.

సాల్వేషన్ ఆర్మీని ఇండియాకు తెచ్చిన బూత్ టక్కర్ ఈ పని మీద ఒక పుస్తకం రాశాడు. దాని పేరు క్రిమినోక్యూరాలజీ. అంటే నేరానికి వైద్యం చేసే శాస్త్రం అన్నమాట. పేరులోనే ఒక జాతి మొత్తం రోగి అయిపోయింది. ఇది మాథర్ చేసిన పనికి మరో రూపం. అక్కడ సైతాను ఉన్నచోట ఇక్కడ జబ్బు ఉంది. ఎడ్వర్డ్స్ ప్రసంగంలో అందరూ పాపులే, సెటిల్‌మెంట్‌లో మాత్రం పాపం ఒకే జాతిది. అక్కడ క్షమించాల్సింది దేవుడు. ఇక్కడ బయటికి వెళ్లాలంటే మేనేజరు పాసు ఇవ్వాలి.

ఒక మాట మరువకూడదు. ఆ బడుల్లో అక్షరాలు నేర్చుకుని ముందుకు వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ప్రార్థనలో ఊరట దొరికిన అవ్వలు, తాతలు ఉన్నారు. వాళ్ల విశ్వాసం మీద మాకు గౌరవం ఉంది. మా అభ్యంతరం హాజరు పట్టీ మీద.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. పేరు మాత్రం పోలేదు. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన హేమలతా లవణం గారు స్టూవర్టుపురంలో ఎన్నో ఏళ్లు మనసు పెట్టి పనిచేశారు. జాషువా గారి కూతురు ఆవిడ, అవమానం అంటే ఏమిటో తెలిసిన మనిషి. ఆవిడ సేవకు మనం రుణపడి ఉన్నాం. అయినా ఆ కృషి మీద ఆవిడ రాసిన పుస్తకం పేరు కూడా నేరస్థుల సంస్కరణే. దేవుణ్ణి నమ్మినవాళ్లు వచ్చినా, నమ్మనివాళ్లు వచ్చినా మారాల్సింది మనమే అన్న మాట మారలేదు. ఇక సినిమాల సంగతి తెలిసిందే. 1991లో వచ్చిన స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్ నుంచి 2023లో వచ్చిన టైగర్ నాగేశ్వరరావు దాకా ఆ ఊరి పేరు తెర మీద దొంగతనానికి గుర్తుగానే పనిచేసింది. ఊరి పేరు చెబితే ఎదుటివాళ్ల ముఖం ఎలా మారుతుందోనని ఉద్యోగాల ఇంటర్వ్యూలో బెదిరే కుర్రవాడి భయాన్ని ఏ సినిమా చూపించింది?

అలాగని ఆ పాత పుస్తకాలు మన పిల్లలు చదవకూడదని మేము అనడం లేదు. వాటి పక్కన ఇంకో పుస్తకం పెట్టాలి అంటున్నాం. శాంసన్ ఆకమ్ మోహెగన్ ఆదివాసి, బడిపంతులు, తర్వాత పాస్టరు కూడా. 1768లో తన జీవితం గురించి కొద్ది పేజీలు రాసుకున్నాడు. దేవదారు చెక్క ముక్కల మీద అక్షరాలు అతికించి పిల్లలకు నేర్పిన సంగతి అందులో ఉంది. జీతం చాలక చేపలు పట్టడం, చెంచాలు చెక్కడం, పుస్తకాలు బైండు చేయడం ఉంది. తనకు 12 ఏళ్లకు ఇచ్చినంత డబ్బు మరోచోట ఒక్క ఏడాది పనికే ఇచ్చారని లెక్క కట్టి అడిగాడు. తాను ఇండియన్ కావడమే కారణమని తేల్చాడు. ఆదివాసి పిల్లల బడి కోసం ఇంగ్లండు, స్కాట్లండుల్లో తిరిగి ఆయన సేకరించిన సుమారు 12,000 పౌండ్లు చివరికి డార్ట్‌మత్ కాలేజీకి వెళ్లాయి. అది ప్రధానంగా తెల్ల పిల్లల కాలేజీ అయింది. ఆకమ్ మతాన్ని వదల్లేదు, కానీ ఆ మతం నేర్పిన న్యాయాన్నే పట్టుకుని ఆ మతపెద్దల్ని నిలదీశాడు. మతమంతా మోసమని కొట్టిపారేసే చదువుకు ఆకమ్ జవాబు. మతపెద్దలు రాసిందల్లా నిజమని నమ్మే చదువుకు కూడా ఆయనే జవాబు.

మరి మన స్టూవర్టుపురం ఆకమ్ ఎక్కడ? సీతానగరం ఆకమ్ ఎక్కడ? సెటిల్‌మెంట్ నడిపినవాళ్ల నివేదికలు లైబ్రరీల్లో భద్రంగా ఉన్నాయి. హాజరు పలికినవాళ్ల మాటలు కాలనీల్లో అరుగుల మీదే ఉండిపోయాయి. ఆ మాటలు తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. టీచర్లుగా మనం చేయగల పని ఇక్కడ ఉంది. ఏ పాఠమైనా చెప్పేటప్పుడు మూడు ప్రశ్నలు బోర్డు మీద రాద్దాం. ఇందులో భయపడుతున్నది ఎవరు? ఎవరి భయం రాయలేదు? ఈ భయం వల్ల ఎవరికి భూమి, కూలి, పదవి దక్కాయి? వేసవి సెలవుల్లో ప్రతి పిల్లా, పిల్లవాడూ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని నాలుగు పేజీలు రాయాలి. తెలుగులో రాయొచ్చు, ఎరుకల మాటలో చెప్పింది చెప్పినట్టు తెలుగు అక్షరాల్లో రాయొచ్చు. అచ్చు తప్పులున్నా పరవాలేదు. మన సాహిత్యంలో తొలి పేజీలు అవే అవుతాయి.