అపాదాన విచారము: హేమావతి శిల్పములును మ్యూజియముల ధర్మమును

మ్యూజియమునకు మనవారు పెట్టిన పేరులు పెక్కు. ప్రదర్శనశాల యని కొందరు, వస్తుసంగ్రహాలయమని కొందరు, పురావస్తుశాల యని మరికొందరు వ్రాయుచున్నారు. ఇవి పర్యాయపదములని తలంచుట సహజమే. కాని ధాత్వర్థమును విచారించువారికి మొదటి రెండింటను రెండు వేర్వేరు అభిప్రాయములు గోచరించును. ప్రదర్శనమున చూపుట ప్రధానము. సంగ్రహమున పట్టుట ప్రధానము. గ్రహధాతువునకు అదియే కదా అర్థము! చూపువాడు చూచువానికి బాధ్యుడు. పట్టినవాడు ఎవనియొద్దనుండి పట్టెనో వానికి బాధ్యుడు. ఈ రెండవ బాధ్యతను గూర్చియే నేడు లోకమందలి గొప్ప మ్యూజియములన్నియు తర్జనభర్జనలు పడుచున్నవి. అంతర్జాతీయ మ్యూజియముల మండలి 2019లో క్యోటో నగరమున మ్యూజియమునకు క్రొత్త లక్షణము చెప్పబోయి, ఏకాభిప్రాయము కుదరక వాయిదా వేసికొని, 2022 ఆగస్టులో ప్రాగు నగరమున దానిని నిశ్చయించినది. సేకరించుట, కాపాడుట, వ్యాఖ్యానించుట, చూపుట యను పూర్వధర్మములకు తోడు నీతిని, జనసముదాయముల భాగస్వామ్యమును ఆ లక్షణమున చేర్చిరి. లక్షణము బాగుగనే యున్నది. దానికి లక్ష్యమును చూపినగాని శాస్త్రము పూర్తికాదు. మన యనంతపురపు మెట్టలో నాకు దొరకిన లక్ష్యము హేమావతి.

హేమావతి మడకశిర సీమలో అమరాపురము మండలమునందలి గ్రామము. 2022వ సంవత్సరము దాక అనంతపురము జిల్లాలోనుండి, ఆ యేట శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. పటమున చూచితిమేని ఆ సీమ మూడు వైపుల కర్ణాటకముతో చుట్టుకొని యుండును. పూర్వకాలమున దీని పేరు హెంజేరు. నొళంబ పల్లవులకు రాజధాని. క్రీస్తుశకము ఎనిమిదవ శతాబ్దము మొదలుకొని రెండుమూడు వందల యేండ్లు ఆ వంశమువారు ఈ మెట్టనేల నేలిరి. సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన కురియుటయే గగనమైన యీ చోట వారు కట్టించిన దేవాలయముల శిల్పము, మన సీమలో పిదప విజయనగరకాలమున వెలసిన లేపాక్షి శిల్పమునకు ఏ విధమునను తీసిపోదు; నల్లరాతి నునుపునందును, గవాక్షముల సూక్ష్మపు చెక్కడమునందును దానిని మించినదనియే నా యభిప్రాయము. దొడ్డేశ్వరాలయపు నందియు, శిలాగవాక్షములును నేటికిని నిలిచియున్నవి. సిద్ధేశ్వరాలయమున స్వామి లింగరూపమున గాక మానుషరూపమున కూర్చుండి పూజలందుకొనుచున్నాడు.

హేమావతి కంబములలో పెక్కింటికి మాత్రము ఆ యూర నిలుచు యోగము లేకపోయెను. రాజరాజచోళుడు నొళంబవాడిని జయించినట్లు ఆతని శాసనములే చాటుచున్నవి. కావేరీతీరమున తిరువైయ్యారు ఆలయమునందలి కొన్ని స్తంభములు నొళంబ శిల్పములనియు, చోళులు వానిని జయచిహ్నములుగా కొనిపోయిరనియు శిల్పశాస్త్రవేత్తలు నిర్ణయించిరి. అది మొదటి ప్రయాణము. ఆంగ్లేయుల పరిపాలనము వచ్చిన తరువాత మరికొన్ని స్తంభములును విగ్రహములును చెన్నపురికి, 1851లో నెలకొన్న ప్రభుత్వ మ్యూజియమునకు చేరినవి. ఇది రెండవది. ఆ మ్యూజియమున పనిచేసిన సి. శివరామమూర్తిగారు 1964లో అచ్చటి నొళంబ శిల్పములను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసిరి. 1942లో అమరావతి శిల్పములపై వారు వ్రాసిన మహాగ్రంథము పండితులకు సుపరిచితమే. కావ్యములలోని ఆభరణములను, వస్త్రములను, వాద్యములను రాతిలో గుర్తించి చూపిన యాయన సంస్కృతపాండిత్యము మన పాఠశాలలలో నేటికిని తగినంత వాడుకలోనికి రాకుండుట విచారకరము.

ఇక ప్రకృతమునకు వత్తము. మ్యూజియములలో ప్రతి శిల్పము క్రిందను ఒక చిన్న ఫలకముండును. దానిపై సాధారణముగా మూడు మాటలే యుండును: మూర్తి పేరు, శతాబ్దము, ఊరి పేరు. కొన్నింటిపై "ఫలానిచోట సేకరింపబడినది" యని మరియొక మాటయు నుండును. వైయాకరణునకు ఈ వాక్యమే పరీక్షాస్థానము. విశ్లేషము జరుగునపుడు నిశ్చలముగా నిలుచునది అపాదానమని మన శాస్త్రము. చెట్టునుండి ఆకు రాలెనన్నప్పుడు చెట్టు అపాదానము. విద్యార్థులకు నిత్యము చెప్పు ఉదాహరణమే యిది. కాని ఆకు తనంత రాలును. కంబము తనంత నడచిపోదు. హేమావతి యను అపాదానము ఫలకమున నున్నది; కంబమను కర్మయు నున్నది; కర్త యేడి? "బడు" ధాతువు చేరిన కర్మణిప్రయోగము తెనుగు నుడికారమున కంతగా ఒదిగినది కాదు. మన యవ్వలు కథ చెప్పునపుడు దానిని వాడరు. దొరతనపు కాగితములలో అది విస్తరిల్లుటకు కారణము దాని సౌకర్యమే. చేసినవాని పేరు చెప్పకయే పని జరిగినట్లు చెప్పవచ్చును.

దీనితో పోల్చదగిన ఫలకము వేయి సంవత్సరముల నాటిదొకటి కలదు. రాజాధిరాజచోళుడు చాళుక్యుల కల్యాణపురమును కొట్టి, అచ్చటి ద్వారపాలవిగ్రహమును కొనివచ్చి, ఆ విగ్రహపీఠముననే శాసనము చెక్కించెను. విజయరాజేంద్రదేవుడు కల్యాణపురమును కాల్చి ఈ ద్వారపాలుని తెచ్చెనని దాని తాత్పర్యము. దారాసురమునుండి తరలి, ఆ విగ్రహము తంజావూరి కళాశాలామందిరమున నున్నది. దోపిడి దోపిడియే, దానిని నేను మెచ్చుకొనను. కాని వ్యాకరణదృష్టిని ఆ రాజు వ్రాయించిన వాక్యము నిర్దుష్టము. కర్త కలడు, కర్మ కలదు, అపాదానము కలదు, చేసిన క్రియయు దాపరికము లేక యున్నది. చదువు నేర్చిన యీ కాలపు ఫలకములు ఆ యోధుని ఫలకముకంటె తక్కువ సత్యమును చెప్పుట యేమి న్యాయము?

ఈ దోషము హేమావతికే పరిమితము గాదు. అమరావతి చరిత్రము దీనికి పెద్ద యుదాహరణము. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు క్రొత్తపురము కట్టుచు స్తూపపు రాళ్లను త్రవ్వించెను. కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి చెన్నపురికి తెప్పించెను. 1859లో పెక్కు ఫలకములు ఓడలో లండను చేరి, 1880లో బ్రిటిషు మ్యూజియమున కుదురుకొన్నవి. ఇందు ప్రతి క్రియకును కర్త కలడు. వారిలో మనవాడును ఒకడు కలడు. ఆ సంగతి దాచి, సర్వదోషమును దొరలపై మోపుట చరిత్రము గాదు. అట్లే మెకంజీ పేరు చెప్పువారు ఆతనికి దారి చూపి, శాసనములు చదివి, గ్రామకైఫీయతులు సమకూర్చిన కావలి బొఱ్ఱయ్యను, ఆతని తమ్ముడు లక్ష్మయ్యను తలంపకుండుటయు కర్తృలోపమే.

ఇచ్చట ధర్మశాస్త్రము కొంత తోడ్పడును. వ్యవహారపదములు పదునెనిమిదింటిలో నిక్షేపమొకటి, అస్వామివిక్రయ మొకటి. ఈ రెండింటికిని భేదము తెలియకయే నేటి వాదములలో సగము జరుగుచున్నవి. ప్రకాశము జిల్లా చందవరమునందలి బౌద్ధక్షేత్రపు శిల్పఫలకమొకటి దొంగల చేబడి దేశము దాటెను. దానిని కాన్బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ కళాశాల 2005లో కొని, నిజము తెలిసినపిమ్మట 2016లో మనదేశమునకు తిరిగి యిచ్చెను. ఇది స్పష్టముగా అస్వామివిక్రయము. అట్టిచోట బహిరంగముగా కొన్నవాడు దండ్యుడు గాకపోయినను, వస్తువు స్వామికే చెందునని స్మృతికారుల మతము. 1970నాటి యునెస్కో ఒడంబడికయు, 1972నాటి మన పురావస్తు చట్టమును ఈ న్యాయమునే మరియొక భాషలో చెప్పుచున్నవి.

హేమావతి కంబములు చెన్నపురిలో నుండుట అట్టిది గాదు. అచ్చట క్రయము లేదు, చౌర్యము లేదు, అధికారముండెను. ఆనాడు చెన్నపురియు మడకశిరయు ఒకే రాజధానికి లోబడినవి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఊరు ఇటును, కంబములు అటును నిలిచినవి. కనుక దానిని నిక్షేపమునకు దగ్గరగా భావింపవచ్చును గాని, నిక్షేపమున తన యిష్టముతో అప్పగించువాడు ఒకడుండవలెను. హెంజేరు ప్రజలు అప్పగించిరా? అడిగినవారెవరు? అయినను నిక్షేపధారికి చెప్పిన ధర్మములు ఇచ్చట వర్తింపవలసినవే: తన సొత్తువలె కాపాడుట, అడిగినపుడు చూపుట, ఎట్లు వచ్చెనో లెక్క చెప్పుట.

అడుగువారెవరన్నది మరియొక చిక్కు. నొళంబుల శాసనములు చాలవరకు కన్నడమున నున్నవి. వారు పల్లవవంశ్యులమని చెప్పుకొనిరి. నేటి సరిహద్దును వేయేండ్ల వెనుకకు జరిపి, "మా తెలుగు శిల్పములు మాకిండు" అని మన పరిషత్తులు తీర్మానము చేసినచో కన్నడపండితులు నవ్వుదురు. ఆ నవ్వు న్యాయమే. హక్కు భాషది గాదు, ఊరిది. కూలికై బెంగుళూరు పోయి, పండుగకు తిరిగివచ్చి, సిద్ధేశ్వరునకు టెంకాయ కొట్టు ఆ యూరివారిది. పరుగెత్తు గుఱ్ఱమునుండి రౌతు పడినపుడు, కదలుచున్న గుఱ్ఱము అపాదానమెట్లగునని వైయాకరణులు శంకించి, పడినవానితో పోల్చి అదియు నిశ్చలమేయని సమాధానము చెప్పిరి. కరవునకు జనులు కదలుచుండుటచే ఊరికి హక్కు పోయెననువారికి ఈ సమాధానము చాలును.

"ఇచ్చినచో మీరు కాపాడగలరా?" అను ప్రశ్న మిగిలినది. లండనువారు అమరావతి విషయమున చిరకాలముగా వినిపించు వాదమిదియే. దానికితోడు 1963నాటి చట్టము తమ చేతులు కట్టివేసినదని చెప్పుదురు. ఆ మ్యూజియముననే దాదాపు 2000 వస్తువులు దొంగల పాలయ్యెననియో, కానరావనియో, చెడెననియో 2023 ఆగస్టులో వెల్లడియయ్యెను. వానిలో పెక్కు జాబితాకే ఎక్కనివి! కావున భద్రత లండనుసొత్తు గాదు. ఇది మనకు సంతోషింపవలసిన సంగతి యెంతమాత్రమును గాదు. మన సీమలో గుప్తనిధుల యాశచే నందులను పెకలించి, గర్భగుడులను త్రవ్వు మూర్ఖులు నేటికిని కలరు. పది రూపాయలకు మించిన నిధి దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878నాటి చట్టము చెప్పుచునే యున్నది. త్రవ్వువాడు చట్టము చదివి త్రవ్వునా? జనము వలసపోయిన పల్లెలో వీరగల్లునకు కావలి యెవరు?

అందుచేత కంబములన్నియు రేపే బండ్లకెక్కింపవలెనని నేననను. హేమావతిలో తగిన కట్టడమును, కాపరులును, శిల్పసంరక్షణము తెలిసిన ఉద్యోగియు ఏర్పడిన నాడు కొన్నింటినైనను దీర్ఘకాలపు టెరవుగా పంపుట యుక్తము. అంతవరకు చెన్నపురి మ్యూజియము చేయదగిన పని ధనవ్యయము లేనిది: ఏ కంబము ఏ యేట, ఎవరి యాజ్ఞచే, ఏ గుడినుండి వచ్చెనో తన దస్తరములనుండి తీసి, కర్తతో గూడిన వాక్యముగా తెలుగునను కన్నడమునను తమిళమునను ఫలకములపై వ్రాయుట. ఆ జాబితా ప్రతి నొకదానిని హేమావతి గ్రామమునకు పంపుట.

మన పాఠశాలాపండితులు చేయదగినదియు నొకటి కలదు. 2014లో ఆస్ట్రేలియానుండి తిరిగివచ్చిన శ్రీపురందాను నటరాజమూర్తి మనదేయని తేల్చినది పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధనసంస్థవారు పూర్వము తీసియుంచిన ఛాయాచిత్రము. ఆ చిత్రము లేకున్న వాదమెంత బలమైనను సాక్ష్యము శూన్యమయ్యెడిది. గుత్తి మొదలు మడకశిర వరకు ఎన్ని యూళ్ల వీరగల్లులకు అట్టి చిత్రములున్నవి? ప్రతి యుపాధ్యాయుడును తన బడియున్న గ్రామమునందలి విగ్రహములను, శాసనములను, వీరగల్లులను పొడవు వెడల్పులు కొలిచి, నాలుగు వైపుల చిత్రములు తీసి, తేదీ వేసి, ఒక ప్రతి బడిలోను, ఒక ప్రతి జిల్లా పురావస్తుశాలలోను ఉంచినచో, విద్యార్థులకు ఒక వేసవి సెలవులలో ముగియు పని యది.