నల్ల పొగ లెక్క

మా వైపు పాత డీజిలు కారుకు పొల్యూషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవటానికి రెండు దారులున్నాయి. బండి ఫోటో తీయించుకుని, డబ్బులిచ్చి, కాగితం పట్టుకొచ్చేయటం ఒకటి. సైలెన్సర్‌లో నిజంగానే పైపు పెట్టించుకోవటం రెండోది. నేను రెండోదే అడుగుతాను. బూత్‌లో కుర్రాడు "పెట్టాల్నా సార్?" అని వింతగా చూస్తాడు. నా ఇండికాకు ఇరవయ్యేళ్లు దాటాయి, రెండు లక్షల కిలోమీటర్లు ఎప్పుడో తిరిగేసింది. 2022లో పుట్టిన మా పల్నాడు జిల్లా కన్నా వయసులో పెద్దది; నంబరు ప్లేటు మీద ఇంకా గుంటూరు ఏపీ 07 మోస్తోంది. నాది మరీ నీతి కాదు. ఆ మిషన్ చూపించే అంకె నాకు కావాలి.

పెట్రోలు బండికి తతంగం తక్కువ. స్లోలో ఉంచి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఎంతున్నాయో చూస్తారు. డీజిలుకు న్యూట్రల్‌లో ఎక్సలేటర్ ఒక్కసారిగా చివరిదాకా తొక్కాలి, వదలాలి, మళ్లీ తొక్కాలి. పొగ మీటరు గొట్టంలోకి వెళ్తుంది. దానికి ఒక చివర దీపం, రెండో చివర ఆ వెలుతురును కొలిచే సెన్సర్. పొగ ఎంత వెలుతురును ఆపితే అంత అంకె. భారత్ స్టేజ్-4 కన్నా పాతవాటికి హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, స్టేజ్-4 వాటికి 50. పాత బండి సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. అట్లా తొక్కేముందు టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చామో గుర్తు చేసుకోవటం మంచిది. అది తెగితే వాల్వులు వంగుతాయి. సర్టిఫికెట్ కోసం పోయి ఇంజను విప్పించుకోవాల్సొస్తుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, డీజిలు ఇంజనులో నల్ల పొగ వచ్చేది నిప్పు చాలకనే. పడ్డ డీజిలుకు సరిపడా గాలి అందలేదు, లేదా నాజిల్ డీజిలును సన్నని తుంపరగా చల్లకుండా ధారగా వదులుతోంది. నీలంగా వస్తే ఇంజను ఆయిల్ తాగుతోందని, రింగులో వాల్వు సీళ్లో చూసుకోమని. బాగా వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి. మీటరుకు ఈ తేడాలు పట్టవు, వెలుతురు ఆగిందా లేదా అన్నదే దానికి కావాలి. రంగు మనమే చూసుకోవాలి.

ఇక గాలి సంగతి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల సిమెంటు, దాచేపల్లి దారిలో నాపరాళ్ల లారీలు: ఈ ఊళ్ల మధ్య తిరిగే బండి ఎయిర్ ఫిల్టర్‌కు కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క పనికిరాదు. ఫిల్టరు విప్పి అట్టకేసి కొడితే తెల్లటి పిండి రాలుతుంది. వందలు పెట్టి ఫిల్టరు మార్చితే పోయే పొగకు వేలు పెట్టి డీజిలు పంపు పని చేయించినవాళ్లు నాకు తెలుసు. ముందు ఫిల్టరు, తర్వాత నాజిళ్లు, అప్పటికీ తగ్గకపోతేనే పంపు. మంచి మెకానిక్ ఎవరైనా ఈ వరసలోనే వెళ్తాడు.

చల్లటి ఇంజనుతో బూత్‌కు పోకూడదు. నరసరావుపేట బజార్లలో రెండో గేరులో తిరిగే బండి సైలెన్సర్ నిండా మసి పేరుకుంటుంది. అందుకే ముందు అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డెక్కి, కాస్త కింది గేరులో, ఇంజను మీద బరువు పడేట్టు నడిపి, ఆపకుండా నేరుగా వెళ్తాను. ఇది మోసమేం కాదు. పరీక్ష పద్ధతే ఇంజను వేడిమీదుండాలని చెబుతుంది.

మోసం వేరే ఉంది. పంపు మీది స్క్రూ కాస్త తిప్పి డీజిలు తగ్గిస్తారు. పొగ పోతుంది, దాంతోపాటే పికప్పూ పోతుంది. కోటప్పకొండ ఘాట్ రోడ్డులో ఐదుగురితో ఎక్కితే బండి మూలుగుతుంది. కాగితం రాగానే మళ్లీ స్క్రూ యథాస్థానానికి, పొగ కూడా. ఇంత కష్టపడి ఏం తెలుసుకున్నట్టు? పోలీసు ఆపినప్పుడు చూపించటానికే అయితే సరే. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక జరిమానా పదివేల దాకా ఉంది మరి. 2017లో సుప్రీంకోర్టు ఈ కాగితం లేనిదే ఇన్సూరెన్స్ రెన్యువల్ చెయ్యొద్దని కూడా అంది. అట్లా ఇన్సూరెన్సే లేని బండ్లు పెరిగితే ప్రమాద బాధితులకు పరిహారం రాదని 2024లో ఆ షరతు తీసేసింది.

పాసైనంత మాత్రాన నా బండి గాలిని పాడుచెయ్యట్లేదని కాదు. కంటికి కనపడని నైట్రోజన్ ఆక్సైడ్లను ఈ మీటరు కొలవనే కొలవదు. ఇండికా పొగ కొత్త బండి పొగతో సమానమని నేను వాదించను. కానీ వయసు చూసి పాత బండ్లన్నిటినీ ఒకే గాటన కట్టటం కూడా నచ్చదు. రెండు లక్షలు తిరిగి 65లోపు వచ్చే బండీ ఉంటుంది, యాభై వేలకే నల్లగా కక్కే బండీ ఉంటుంది.

పాత స్లిప్పులన్నీ డాష్‌బోర్డులో దాచి ఉంచాను. కిందటిసారి కన్నా ఈసారి అంకె పెరిగింది. హద్దులోనే ఉందని కుర్రాడు కాగితం చేతికిచ్చాడు. ఫిల్టరు కొత్తదే కాబట్టి అనుమానం నాజిళ్ల మీదికి పోతోంది. శివరాత్రి తిరునాళ్లలోపు విప్పించి ప్రెషర్ చూపించాలి.