జాగ్రత్తల వ్యాకరణం

సోషల్ మీడియాలో కొత్తగా ఖాతా తెరిచే స్త్రీల కోసం వేసే జాగ్రత్తల కరపత్రాలను ఎవరూ సాహిత్యంగా చదవరు. చదవాలని నా అభిప్రాయం. వాటికీ ఒక కథానాయిక ఉంది, ఒక కథనం ఉంది, ప్రత్యేకమైన వ్యాకరణం కూడా ఉంది. ఫొటో పెట్టకండి, అపరిచితుల స్నేహాన్ని అంగీకరించకండి, రాత్రిపూట చాటింగ్ చెయ్యకండి. క్రియలన్నీ వ్యతిరేకార్థకాలే. కర్త ఎప్పుడూ 'మీరు', అంటే మనం. ఆ ఫొటోను మార్ఫింగ్ చేసేవాడు మాత్రం ఏ వాక్యంలోనూ కర్తగా కనిపించడు. 'ఫొటోలు దుర్వినియోగమవుతాయి' అని రాస్తారు, పాలు విరిగిపోయినట్టు వాటంతటవే.

దీని పక్కన చట్టం రాసిన వాక్యాన్ని పెట్టి చూడండి. 2013లో శిక్షాస్మృతిలో 354డి సెక్షన్‌గా చేరి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్‌గా ఉన్న ఆ వాక్యం పురుషుణ్ణి కర్తగా చేసుకునే మొదలవుతుంది. స్త్రీ వెంటపడటంతో పాటు ఆమె ఇంటర్నెట్‌నీ ఈమెయిల్‌నీ ఎలా వాడుతోందో నిఘా పెట్టడం కూడా అందులో నేరమే. భర్తకు మినహాయింపు అని అందులో ఎక్కడా రాసి లేదు. చట్టానికి కనిపించిన మనిషి కరపత్రానికి ఎందుకు కనిపించడు?

కరపత్రం ఊహలో ప్రతినాయకుడు ఎప్పుడూ బయటివాడే. ఇల్లు క్షేమం, వీధి ప్రమాదం అన్న పాత సూత్రాన్నే తెచ్చి కొత్త తెర మీద అతికించారు. కానీ మన ఇళ్ళలో ఖాతా ఎలా తెరుచుకుంటుందో చూడండి. సిమ్ భర్త పేరు మీద ఉంటుంది. ఈమెయిల్ కొడుకు పెట్టిస్తాడు, పాస్‌వర్డ్ కూడా అతనే పెడతాడు. 'అమ్మకేం తెలుసు' అన్న ప్రేమతోనే. ఆ ఖాతాలో ఆమె రాసే కవిత ఆమెదే, తాళం చెవి మాత్రం ఆమెది కాదు. పాస్‌వర్డ్ మరిచిపోతే కోడ్ ఏ నంబరుకు వెళుతుందో ఆ నంబరు గలవాళ్ళే ఖాతాకు అసలు యజమానులు. అందుకే మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఫొటో గురించి కాదు. రికవరీ నంబరూ ఈమెయిలూ మీ చేతిలో ఉన్నాయా అని చూసుకోండి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకునేటప్పుడు ఎస్సెమ్మెస్‌కు బదులు మీ ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్‌ను ఎంచుకోండి. ఫేస్‌బుక్ ఇచ్చే పది రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి దాచుకోండి. పోపుల డబ్బాలో డబ్బు దాచిన అమ్మమ్మల మనవరాళ్ళకు చోటు నేను చెప్పక్కర్లేదు. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' తెరిస్తే మన సందేశాలు ఇంకే కంప్యూటర్‌లో తెరిచి ఉన్నాయో కనిపిస్తుంది. ఫేస్‌బుక్‌లోనూ ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉన్నామో చూపించే పేజీ ఉంది. అప్పుడప్పుడు చూడటం మంచిది.

ఇక్కడ ఒక చిన్న విషయం. బ్యాంకులూ ఒకప్పటి ఈమెయిల్ సంస్థలూ రహస్య ప్రశ్నగా తల్లి పుట్టింటి పేరును అడిగేవి. అది రహస్యం ఎలా అయింది? పెళ్ళితో స్త్రీ ఇంటిపేరు చెరిగిపోతుందన్న నమ్మకమే ఆ భద్రతకు పునాది. మన ఊళ్ళలో అమ్మ ఇంటిపేరు మేనమామల పిల్లలందరికీ తెలుసు. అలాంటి ప్రశ్న ఎదురైతే నిజం రాయకండి, మీకు మాత్రమే తెలిసిన అబద్ధం రాయండి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ప్రొఫైల్ లాక్. 2020 మేలో ఫేస్‌బుక్ దాన్ని భారతదేశంలో తెచ్చినప్పుడు ముఖ్యంగా స్త్రీల భద్రత కోసమే అంది. ఒక్క మీట నొక్కితే చాలు, స్నేహితులు కానివాళ్ళకు ఏమీ తెరుచుకోదు. అయితే ఆ మీట ముందు రాయబోయేవాటితో పాటు ఇదివరకు అందరికీ వినిపించేలా రాసినవాటిని కూడా స్నేహితులకే పరిమితం చేస్తుంది. రచయిత్రికి దీని అర్థమేమిటి? ఐదేళ్ళ కవితలు ఒక్క క్షణంలో వీధి అరుగు మీంచి వంటింట్లోకి వెళ్ళిపోవడం. ఎనభైల చివర్లో స్త్రీవాద కవయిత్రులను నీలి కవిత్వం రాస్తున్నారని నిందించారు. వాళ్ళు లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంటే 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చేది కాదు. వేధింపు భరించలేక లాక్ వేసుకున్న స్త్రీని నేను తప్పుపట్టను. ఆ మీటనే స్త్రీల భద్రతకు మరో పేరుగా అమ్మటం మీదే నా అభ్యంతరం.

లాక్ లేకుండానే చేసుకోగలిగినవి ఉన్నాయి, కరపత్రాలు వాటి జోలికి పెద్దగా పోవు. స్నేహితుల జాబితాను దాచొచ్చు. మన ఫోన్ నంబరుతో మనల్ని వెతకకుండా ఆపొచ్చు. కవితను అందరికీ, పిల్లల ఫొటోను కొందరికే అని పోస్టు పోస్టుకూ నిర్ణయించుకోవచ్చు. బహిరంగ పోస్టు కింద వ్యాఖ్య రాసే హక్కు స్నేహితులకే ఇవ్వొచ్చు. చదవటం అందరి హక్కు, మన అరుగు మీద కూర్చుని వాగటం అందరి హక్కు కాదు.

బయటి హింస లేదని నేననటం లేదు. 2019 ఎన్నికల కాలంలో 95 మంది భారతీయ రాజకీయ నాయకురాళ్ళను ప్రస్తావించిన ట్వీట్లను ఆమ్నెస్టీ పరిశీలించింది. ప్రతి ఏడింటిలో దాదాపు ఒకటి అభ్యంతరకరంగానో దూషణగానో ఉందని 2020లో ప్రకటించింది. ఆ స్త్రీలు అపరిచితుల స్నేహాన్ని అంగీకరించినందుకు వచ్చిన తిట్లు కావవి. బహిరంగంగా మాట్లాడినందుకు వచ్చినవి. అలాంటివి ఎదురైతే బ్లాక్ చెయ్యకముందే స్క్రీన్‌షాట్, ఆ ఖాతా లింకు, తేదీ భద్రపరచండి. అసహ్యంతో వెంటనే చెరిపేస్తే సాక్ష్యం కూడా పోతుంది. అంతరంగిక చిత్రాలతో బెదిరిస్తే 2021 డిసెంబరులో మొదలైన స్టాప్‌ఎన్‌సిఐఐ ఉంది. చిత్రం మన ఫోన్ దాటి వెళ్ళదు, దాని అంకెల గుర్తు మాత్రమే సంస్థలకు చేరుతుంది.

చివరగా, రాసినవాటి సంగతి. ఎందరో రచయిత్రుల కవితలకు ఇవాళ ఫేస్‌బుక్ తప్ప మరో ప్రతి లేదు. ఖాతా పోతే పుస్తకం పోయినట్టే. సెట్టింగ్స్‌లో మన సమాచారాన్ని దింపుకునే వీలుంది. అది హెచ్‌టిఎమ్‌ఎల్, జేసన్ అని రెండు రూపాలు చూపిస్తుంది. హెచ్‌టిఎమ్‌ఎల్‌నే ఎంచుకోండి. రెండోదాంట్లో తెలుగు అక్షరాలు అక్షరాలుగా రావు, గుర్తుల గుంపుగా వస్తాయి.