పదకొండు గంటల నది

పోయిన ఆదివారం మా తమ్ముడి కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. వచ్చినవాడు ఉగ్గాని తిని ఊరుకోవచ్చు గదా, ఫోను తీసి నా కళ్ళ ముందు పెట్టాడు. పచ్చగీత ఒకటి, నీలంగీత ఒకటి వంకర్లు తిరుగుతూ పోతున్నాయి. గంగానదిలో దించిన యంత్రాలు పంపే లెక్కలట. నీళ్ళలో ఆక్సిజన్ ఎంత, ఉప్పు ఎంత, మడ్డి ఎంత అని రాత్రీ పగలూ కొలుస్తూనే ఉంటాయట. "పెద్దనాయనా, మన పెన్నలో కూడా ఇట్లాంటిది ఒకటి పెడితే ఎట్లుంటాది?" అన్నాడు.

"ముందు అందులో నీళ్ళు పెట్టు నాయనా. యంత్రం తర్వాత పెడుదువు" అన్నాను.

వాడు నొచ్చుకుని సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. నాకు మాత్రం సోమవారం దాకా చిరాకు తగ్గలేదు. మా రామగిరి మండలంలోనే పేరూరు దగ్గర పెన్నకు డ్యాం ఉంది. అది నిండగా చూసిన ఏళ్ళు లెక్కపెట్టడానికి నా వేళ్ళు ఎక్కువే. ఏడాదిలో చాలా నెలలు ఇసుక తప్ప ఏమీ పారని ఏటికి నిరంతర పరిశీలన అంటే, తాళం వేసిన ఇంటి ముందు కాపలావాణ్ణి పెట్టినట్టు ఉంటుంది. మా కొండ మీద గాలిమరలు ఉన్నాయి. అక్కడ గాలి ఎంత వీస్తోందో క్షణం క్షణం లెక్క కడతారు. గాలికి డబ్బులొస్తాయి కాబట్టి ఆ కొలత అర్థమవుతుంది. ఎండిన ఏటికి ఎవరిస్తారు?

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా జబ్బు తెలిసిందే. మిషను చెప్పిందంటే నమ్మను, మనిషి నాలిక చెప్పిందంటే నమ్ముతాను. ఆ నమ్మకం నాకు ధర్మవరంలో మా మేనమామ దగ్గర అంటింది.

మామది పట్టుకు రంగులేసే పని. నా చిన్నప్పుడు సెలవులకు వెళితే తెల్లారకముందే ఆయన పెరట్లో కడవలు దిగేవి. చిత్రావతి ఇసుకలో చెలమలు తవ్వి తెచ్చిన నీళ్ళు. మామ ఒక్కో కడవలో దోసిలి ముంచి, రెండు చుక్కలు నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. "సప్పన" అంటే తొట్టిలోకి. "సవుడు" అంటే పక్కకు. అనుమానంగా ఉంటే అరచేతిలో నీళ్ళు పోసుకుని సబ్బుముక్క రుద్దేవాడు. నురగ నిలిస్తే సరే. పాలు విరిగినట్టు తెల్లటి తునకలు తేలితే ఆ కడవ ఎనుములకు.

ఇదేదో చాదస్తం అనుకోకండి. కోరా పట్టుకు సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. పట్టు బరువులో దాదాపు నాలుగోవంతు అదే. సబ్బూ సోడా వేసి ఉడికిస్తే అది వదిలి, పట్టు మెత్తబడి, మెరుపు తేలుతుంది. నీళ్ళలో సున్నం పాలు ఎక్కువుంటే సబ్బు దానితో కలిసి మడ్డిగా మారి పోగులకు పట్టుకుంటుంది. మడ్డి పట్టినచోట రంగు పట్టదు. నేసేటప్పుడు తెలియదు, చీర మడత విప్పినప్పుడు అంచు పక్కన మచ్చలు కనిపిస్తాయి. పెళ్ళివాళ్ళు చీర తిరిగి పంపిస్తే ఆ నష్టం రంగులేసినవాడి నెత్తిన పడుతుంది. అందుకే మామ నాలిక మీద అంత భారం.

ఆయన నాలిక తప్పింది ఒక్కసారే. నేనది కనుక్కోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

ఏట్లో ఇసుక తరిగి చెలమలు అడుగంటాక మామ ఇంటి వెనక బోరు వేయించాడు. నీళ్ళు పడిన రోజు ఆయన సంబరం నాకింకా గుర్తుంది. అరచేతిలో సబ్బు రుద్దితే నురగ మోచేతి దాకా పొంగింది. "చిత్రావతి కన్నా మేలురా అల్లుడా!" అన్నాడు. ఆ నీళ్ళతోనే పట్టు ఉడికించారు, వంట చేశారు, తాగారు. పదిహేనేళ్ళకు మామ నడుము వంగిపోయింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ అంటే చెప్పాల్సిన పని లేదు. 1995లో సత్యసాయి తాగునీటి పథకం ఊరూరికీ గొట్టాలు వేసుకొచ్చింది కూడా ఆ బాధ చూసే.

ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు. తాగేనీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. అంత సూక్ష్మం నాలికకు అందదు. అది సరే, క్షమించవచ్చు. నన్ను కుదిపింది మరొకటి. ఒక భూగర్భజల శాస్త్రవేత్త మాటల మధ్యలో చెప్పాడు: నీళ్ళలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్‌ను అణచి పెడుతుంది, కాల్షియం తగ్గినచోట అది స్వేచ్ఛగా కరుగుతుంది అని. అంటే, సబ్బుకు బాగా నురగొచ్చే మెత్తటి బోరు నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువుండే అవకాశం. మామ పరీక్ష తప్పు చెప్పలేదు. పట్టుకు మంచి నీళ్ళేవో సరిగ్గా చెప్పింది. ఆ పరీక్షను ఆయన ఒంటికి కూడా వాడుకున్నాడు.

ఇంకో సంగతి. వచ్చే నీళ్ళను దోసిట్లో పట్టి కళ్ళు మూసుకునే మామ, పోయే నీళ్ళను ఎప్పుడూ చూడలేదు. సోమవారం మోరీ ఎర్రగా పారేది, బుధవారం చిలకపచ్చగా. మేం పిల్లలం దాన్ని చూసి ఆ వారం ఏ రంగు చీరలు దిగుతాయో చెప్పుకునేవాళ్ళం. జిగురు, సబ్బు, సోడా, రంగు అన్నీ కలిసి వీధి దాటి వంకలోకి, వంకలోంచి ఏట్లోకి. ఏటి నీళ్ళు అంత ప్రేమగా రుచి చూసినవాడు ఆ ఏటికి తిరిగి ఏం ఇస్తున్నాడో నాలిక మీద వేసుకోలేదు. మామను తప్పుపట్టడం లేదు. అప్పుడు ఆ ఊళ్ళో అందరి పద్ధతీ అదే. నేనూ ఆ మోరీలో కాగితం పడవలు వదిలినవాణ్ణే.

ఇవన్నీ గుర్తొచ్చి బుధవారం రాత్రి తమ్ముడి కొడుక్కి నేనే ఫోన్ చేశాను. "ఆ గీతల సంగతి మళ్ళా చెప్పప్పా" అన్నాను.

వాడు చెప్పిన దాంట్లో నాకు పట్టుకున్నది ఒక్క ముక్క. మన దగ్గర నది నీళ్ళ పరీక్ష అంటే నెలకో, మూడు నెలలకో ఒకసారి సీసాలో పట్టుకెళ్ళడం. పట్టే మనిషి ఆఫీసులో సంతకం పెట్టి, జీపెక్కి, వంతెన చేరేసరికి ఏ పదకొండో అవుతుంది. అప్పటికి ఎండ కాస్తుంది, నీళ్ళలో పాచి ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది. లెక్క బ్రహ్మాండంగా వస్తుంది. రాత్రయ్యాక అదే పాచి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. మురుగు కలిసిన నీళ్ళలో మధ్యాహ్నం లీటరుకు పది మిల్లీగ్రాములున్న ఆక్సిజన్ తెల్లవారుజామున రెండుకు పడిపోవచ్చు. స్నానానికి పనికొచ్చే నదిలో కనీసం 5 ఉండాలని నియమం. చెరువులో చేపలు ఎప్పుడూ తెల్లారేసరికే తేలతాయి, గమనించారా? మన కాగితాల మీదున్న నదులన్నీ పదకొండు గంటల నదులే.

యంత్రం మీద కూడా వాడు గొప్పలు పోలేదు. అది నేరుగా చూసేవి నాలుగైదే: వేడి, పీహెచ్, మడ్డి, ఆక్సిజన్, నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పారుతోందన్నది. ఈ చివరిదే ఉప్పు లెక్క. అంటే మామ నాలిక! ఫ్లోరైడ్ యంత్రానికీ మామూలుగా తెలియదు, అందుకు వేరే ముల్లు పెట్టాలి. మురుగు లెక్క అయిన బీఓడీ అయితే సీసాలో పెట్టి రోజుల తరబడి ఆగాల్సిందే. ఇంగ్లండులో ఆ పరీక్షకు ఐదు రోజులు పెట్టుకున్నారు. వాళ్ళ నదుల నీళ్ళు సముద్రం చేరడానికి అంతకన్నా ఎక్కువ పట్టదు కాబట్టి అని చెబుతారు. మన ఎండలకు తగ్గట్టు ఇక్కడ 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు చాలంటున్నారు. 597 కిలోమీటర్ల పెన్న సముద్రం చేరడానికి ఎన్ని రోజులని అడిగి ఉంటే ఆ పరీక్ష ఈపాటికి మొదలై ఉండేది కాదు.

ఇంకా అన్నాడు: "పెట్టడం కాదు పెద్దనాయనా, తుడవడమే కష్టం. పదిరోజులు వదిలేస్తే ముల్లుకు పాచి పడుతుంది. నది చావకపోయినా చచ్చిందని చెప్తుంది, చచ్చినా బతికిందంటుంది." పడవ మీద పోయి బ్రష్షుతో ముల్లు తుడిచి, తెలిసిన ద్రవంలో ముంచి సరిచూసే మనిషి లేకపోతే ఆ గీతలు ఒట్టి ముగ్గులు. ఆ మాటకు వాడి మీద కోపం పోయింది.

ఇక ఎండిన ఏటి సంగతి. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మూడింటికీ పుట్టిల్లు నంది కొండల దగ్గరి చిక్కబళ్ళాపురం సీమ. కొన్నేళ్ళుగా బెంగళూరు మురుగునీటిని రెండో దశ దాకా శుద్ధిచేసి హెబ్బాళ, నాగవార లోయల నుంచి ఆ జిల్లా చెరువులకు పంపిస్తున్నారు. చెరువులు నిండితే అక్కడి బోర్లు బతుకుతాయి, నేనెందుకు కాదంటాను? ఇలాంటి పథకంలోనే కోలారుకు పంపిన నీళ్ళు 2018 జులైలో చెరువులో తెల్లగా నురగ కక్కాయి. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వానలు గట్టిగా పడి ఆ ఎగువ చెరువులు మరవ పారితే నీళ్ళు దిగేది ఎక్కడికి? హిందూపురం మీదుగా మా పేరూరుకు, గోరంట్ల మీదుగా ధర్మవరానికి.

పైగా మన ఏట్లో నెలల తరబడి మోరీలు, సంచులు, కోళ్ళ వ్యర్థాలు, గని దిబ్బల మట్టి పేరుకుని ఉంటాయి. మొదటి వరద ఆ మొత్తాన్ని ఊడ్చుకుని కొన్ని గంటల్లో డ్యాంలో పోస్తుంది. జీవనది అయితే నెలకోసారి చూసినా ఎంతో కొంత దొరుకుతుంది. ఏడాదికి పది రోజులు పారే ఏరు నెలకోసారి వచ్చే సీసాకు చిక్కనే చిక్కదు. కాబట్టి తాళం వేసిన ఇంటి పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. నిద్రపోని యంత్రం గంగకన్నా పెన్నకే ఎక్కువ అవసరం.

2021 నవంబరు 19న వెల్దుర్తి దగ్గర చిత్రావతి వరదలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టర్ ఎత్తుకుపోయింది. ఆ వారమంతా ఎన్ని క్యూసెక్కులు అని అడిగాం. ఎలాంటి నీళ్ళు అని అడిగినట్టు నాకు గుర్తు లేదు. మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు 1892లో రాసుకున్న ఒప్పందంలోనూ ఈ మూడు ఏర్ల పేర్లున్నాయి. ఎగువన కొత్త చెరువు కట్టాలంటే దిగువవాళ్ళ సమ్మతి కావాలన్నారు గానీ, కిందికొచ్చే నీళ్ళు ఎలా ఉండాలో రాసుకోలేదు.

నా పాత పాఠకులు సింగయభట్టు ఇంకా రాలేదేమని చూస్తున్నారు కదా. వస్తాడు. 1388లో హరిహరరాయల కొడుకు బుక్కరాయలు పెనుకొండలో ఉండగా, హెన్నె నదిని, అంటే మన పెన్నను, పట్టణానికి తెమ్మని జలసూత్రం తెలిసిన సింగయభట్టును ఆజ్ఞాపించాడు. ఆయన కాలువ తవ్వించి సిరువర చెరువుకు కలిపాడు. శాసనంలో పనిచేసినవాడి పేరుంది. యంత్రం పెడితే, దాన్ని తుడిచే మనిషి పేరు కూడా ఒడ్డున ఒక రాయి మీద చెక్కించాలని నా కోరిక.

అందాకా ఒక విన్నపం. పరిగి, రొద్దం, పేరూరు దగ్గర పెన్న ఒడ్డునా, గోరంట్ల, ధర్మవరం దగ్గర చిత్రావతి ఒడ్డునా ఉన్నవాళ్ళు ఈసారి ఏట్లోకి మొదటి నీళ్ళు దిగిన రోజు, గంట, రంగు, వాసన, నురగ ఉందో లేదో రాసి పత్రిక చిరునామాకు పంపండి. పోస్టుకార్డు చాలు. రుచి మాత్రం చూడకండి.