తెలిసిన ఎత్తే, ఆపలేని ఎత్తు

అమెరికాలోని నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో జట్టుకో కుబేరుడు యజమాని. గ్రీన్ బే ప్యాకర్స్‌కి మాత్రం అభిమానులే యజమానులు. విస్కాన్సిన్ రాష్ట్రంలో లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఊరు గ్రీన్ బే. 1919లో కర్లీ లాంబో, విలేకరి జార్జ్ కాల్‌హూన్ కలిసి జట్టు కట్టారు. లాంబో పనిచేసే మాంసం ప్యాకింగ్ కంపెనీ జెర్సీలకు డబ్బిచ్చింది, పేరూ దాన్నుంచే వచ్చింది. 1923లో డబ్బుకు కటకటగా ఉంటే ఊళ్లో 5 డాలర్ల చొప్పున వాటాలు అమ్మారు. వాటికి డివిడెండు రాదు, లాభానికి అమ్ముకునే వీలూ లేదు. అయినా నేడు వాటాదారులు 5 లక్షల పైమాటే. షేర్ల వ్యాపారి నవ్వుకునే పెట్టుబడే కానీ, జట్టు ఊరు దాటిపోకుండా ఆపింది అదే.

ఇందరు యజమానులుంటే సలహాలకు కొదవేముంది! 1958లో జట్టు ఒకే ఒక్క ఆట గెలిచింది. మరుసటి ఏడు విన్స్ లొంబార్డీ కోచ్ పదవితో పాటు జనరల్ మేనేజర్ పదవినీ తీసుకుని, పెత్తనమంతా తన చేతిలో పెట్టుకున్నాడు. ఆటగాళ్లకు మొదట నేర్పిన ఎత్తు స్వీప్.

బంతి కదలగానే ముందు వరుసలోని ఇద్దరు గార్డులు, జెర్రీ క్రేమర్, ఫజీ థర్స్‌టన్, ఎదుటివాళ్లను వదిలేసి వెనక్కి అడుగేసి కుడి కొస వైపు పరుగెడతారు. వాళ్ల వెనకే బంతితో పాల్ హోర్నంగ్. వాళ్లు ఖాళీ చేసిన సందుల్లోంచి ఎవరూ చొరబడకుండా మిగతావాళ్లు చూసుకోవాలి. అసలు కిటుకంతా కొసన ఉండే టైట్ ఎండ్ రాన్ క్రేమర్ దగ్గరుంది. ఎదురుగా ఉన్న లైన్‌బ్యాకర్ అనే డిఫెండర్‌ను ఫలానా వైపే తోయాలన్న నియమం అతనికి లేదు. వాడు లోపలికొస్తే లోపలికే, బయటికి జరిగితే బయటికే తోసేస్తాడు. మొదటి గార్డు కొసనున్న డిఫెండర్‌ను పక్కకు నెడతాడు. రెండో గార్డు, హోర్నంగ్ ఆ టైట్ ఎండ్ తోపు చూసి ఖాళీ ఉన్న వైపు తిరుగుతారు. ఎదుటివాడు ఎటు కదిలినా అతను వదిలిన వైపే దారి.

ఇందులో దాచిందేమీ లేదు. స్వీప్ వస్తుందని ఎదుటి జట్టుకీ తెలుసు. లొంబార్డీ నమ్ముకున్నది సాధననే. ఒక్కో అడుగూ తప్పకుండా పడేదాకా మళ్లీ మళ్లీ చేయించేవాడు. 1961 నుంచి 1967 లోపు 5 టైటిళ్లు గెలిచారు. మొదటి రెండు సూపర్ బౌళ్లూ వాళ్లవే.

నా లెక్కలో ఆ సాధన విలువ బాగా తెలిసింది స్వీప్ పనికిరాని రోజునే. 1967 డిసెంబర్ 31న, డాలస్ కౌబాయ్స్‌తో ఆట నాడు, చలి సుమారు మైనస్ 25 డిగ్రీల సెల్సియస్. మైదానం గడ్డకట్టింది. ఇంకా 16 సెకన్లే ఉన్నాయి, గోల్ గీత గజం దూరం కూడా లేదు. బంతితో పరుగెత్తేవాళ్లకు కాళ్లు జారుతున్నాయి. క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ బంతి ఎవరికీ ఇవ్వకుండా తనే దూరాడు. దారి తీసింది జెర్రీ క్రేమరే, ఈసారి పక్కకు పరుగెత్తకుండా నేరుగా ముందుకు తోసి. ప్యాకర్స్ 21-17తో గెలిచారు.