క్రియను ఒంటరిగా నేర్పొద్దు

మన బళ్లలో ఇంగ్లీషు ప్రిపొజిషన్లను ఎక్కువగా రెండు రకాలుగా నేర్పుతారు. ఒకటి, తెలుగు విభక్తితో ముడిపెట్టి: ‘లో’ అంటే ఇన్, ‘మీద’ అంటే ఆన్, ‘కి’ అంటే టు, ‘గురించి’ అంటే అబౌట్. రెండోది జాబితా: అబ్‌స్టెయిన్ ఫ్రమ్, అక్యూజ్ ఆఫ్, ఎయిమ్ ఎట్ అంటూ అక్షరక్రమంలో బట్టీ పట్టించడం. 1930ల నాటి రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం మొదలుకొని ఇప్పటి పోటీ పరీక్షల గైడ్ల దాకా ఈ జాబితాలు కనిపిస్తూనే ఉన్నాయి. మొదటి పద్ధతి తప్పులు చేయిస్తుంది. రెండోది పరీక్ష అయిపోగానే బుర్రలోంచి జారిపోతుంది. ఏళ్ల తరబడి చదివినా పిల్లలకు నాలుగు ఇంగ్లీషు వాక్యాలు సరిగ్గా రావడం లేదని వాళ్లనే తప్పుపడుతున్నాం గాని, ఈ నేర్పే తీరును ప్రశ్నించడం లేదు. నా మట్టుకు నాకు లోపం ఇక్కడే ఉందనిపిస్తుంది.

తప్పు ఎలా పుడుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ‘నాకు చెప్పాడు’, ‘నాకు వివరించాడు’, ‘నాకు సూచించాడు’. తెలుగులో మూడింటికీ ‘నాకు’ సరిపోయింది. ఇంగ్లీషులో టెల్ అయితే ‘టోల్డ్ మి’ అంటారు, సే అయితే ‘సెడ్ టు మి’ అనాలి. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్ కూడా టు లేకుండా ఒప్పుకోవు. టెల్‌తో అలవాటైన పిల్లవాడు ‘హి ఎక్స్‌ప్లెయిన్డ్ మి’ అంటే అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు, తెలిసినదాన్ని తెలియనిదానికి వర్తింపజేశాడు. ‘డిస్కస్ అబౌట్’ కథా అంతే. టాక్ అబౌట్ ఒప్పు, డిస్కషన్ అనే నామవాచకం పక్కన అబౌట్ ఒప్పు, తెలుగులో ‘దాని గురించి చర్చించాం’ అనడం ఒప్పు. మూడు వైపుల నుంచీ అబౌట్ తోసుకొస్తుంటే డిస్కస్ పక్కన రాకుండా ఎలా ఉంటుంది? రిక్వెస్ట్, డిమాండ్‌లు కూడా ఈ కోవలోవే. నామవాచకాలుగా వాడినప్పుడు వాటి వెనక ఫర్ రావచ్చు, క్రియలుగా ‘రిక్వెస్టెడ్ లీవ్’, ‘డిమాండెడ్ హయ్యర్ వేజెస్’ అంటే చాలు. ఈ మూడు క్రియలనూ పక్కపక్కన పెట్టి ఈ ఒక్క తేడా చూపిస్తే, విడివిడిగా ముప్పైసార్లు ఎర్రసిరాతో దిద్దే పని తప్పుతుంది.

ఇది ఇంగ్లీషుకే పట్టిన వింత రోగమని అనుకోవద్దు. ‘నన్ను చూసి నవ్వాడు’ అంటాం, ‘నామీద కోప్పడ్డాడు’ అంటాం, ‘కుక్కకు భయపడ్డాడు’ అంటాం. కళ్లతో చూడకపోయినా, మన మాట విని నవ్వినా, ‘చూసి’ అనే అంటాం. నవ్వు అనే క్రియతోపాటు ఆ మాట కూడా మనకు ఒకే ముద్దగా అబ్బింది. ఇంగ్లీషు వాళ్లకు ‘లాఫ్ ఎట్’ కూడా అలాగే అబ్బింది.

ఈ సంగతిని ముందుగా పట్టుకున్నవాళ్లలో చాలామంది పరదేశాల్లో ఇంగ్లీషు నేర్పిన ఉపాధ్యాయులే. జపాన్‌లో పనిచేసిన ఎ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 1948లో దాన్నే తమ లెర్నర్స్ డిక్షనరీగా తెచ్చారు. అందులో క్రియకు అర్థంతోపాటు అది ఏ వాక్య నిర్మాణంలో ఇముడుతుందో కూడా సూచించారు. తర్వాత బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ ఆధ్వర్యంలో నడిచిన కోబిల్డ్ ప్రాజెక్టు, నిజంగా వాడుకలో ఉన్న ఇంగ్లీషును కంప్యూటర్లలో కుప్పపోసి పరిశీలించింది. ఆ కృషిలోంచి 1996లో వచ్చిన గ్రామర్ ప్యాటర్న్స్ పుస్తకం ఒక విషయాన్ని విస్తారంగా చూపించింది: ఒకే నిర్మాణంలో ఇమిడే క్రియలు అర్థంలోనూ చుట్టాలవుతాయి. రాబ్, డిప్రైవ్, స్ట్రిప్, క్యూర్, రిలీవ్ అన్నిటికీ ఆఫ్ ఉంటుంది, అన్నిటిలోనూ ఒకరి దగ్గర ఉన్నది పోతుంది, అది సొమ్మయినా సరే, జబ్బయినా సరే. ప్రివెంట్, స్టాప్, ప్రొటెక్ట్ క్రియలకు ఫ్రమ్, అడ్డుకోవడమో కాపాడటమో. థాంక్, బ్లేమ్, పనిష్, ఫర్‌గివ్‌లకు ఫర్, చేసినదానికి ఫలితం. ట్రిక్, ఫోర్స్, టాక్ వెనక ఇన్‌టు పెట్టి ‘టాక్డ్ హిమ్ ఇన్‌టు సైనింగ్’ అంటే, ఇష్టం లేనివాడి చేత మాటలతో సంతకం పెట్టించారన్నమాట. అక్షరక్రమం ఈ చుట్టరికాలన్నిటినీ విడగొట్టేస్తుంది. నాకు బాధ కలిగించేది అదే.

మరి అక్యూజ్ ఆఫ్ అని, చార్జ్ విత్ అని ఎందుకంటారు, రెండూ నేరం మోపడమేగా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. గుంపు చట్టం కాదు, జ్ఞాపకానికి ఆసరా మాత్రమే. అక్యూజ్, సస్పెక్ట్, కన్విక్ట్ మూడూ ఆఫ్‌తో ఒకచోట ఉన్నప్పుడే చార్జ్ వేరుగా కనబడి గుర్తుండిపోతుంది. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే ఒక మాట మీద లేరు కదా అనేది ఇంకో ఆక్షేపణ. నిజమే, బ్రిటిష్ వాళ్లు ‘ప్రొటెస్ట్ అగైన్‌స్ట్ ది డెసిషన్’ అంటే అమెరికన్లు ‘ప్రొటెస్ట్ ది డెసిషన్’ అంటారు. ప్రిపొజిషన్ తర్కాన్ని బట్టి కాక క్రియ అలవాటును బట్టి వస్తుందనడానికి ఇది ఇంకో రుజువు.

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ వేరే ఉంది. ‘డిస్కస్ అబౌట్’ అన్నా అర్థమవుతుంది, మన దేశపు ఇంగ్లీషుకు దాని నడక దానికుంది, ఎందుకీ పట్టింపు అంటారు. అందులో సగం నేను ఒప్పుకుంటాను. ఆ ఒక్క అబౌట్ చూసి మనిషి చదువును కొలవడం అన్యాయం, ఇంటర్వ్యూ గదుల్లో అలా కొలవడం మరీ అన్యాయం. కాని అన్ని జంటలూ అంత నిరపాయమైనవి కావు. ‘షౌటెడ్ టు మి’ అంటే దూరాన ఉన్న నాకు వినబడాలని కేకేశాడు, ‘షౌటెడ్ ఎట్ మి’ అంటే నామీద అరిచాడు. బంతిని ‘త్రో టు’ అంటే పట్టుకొమ్మని, ‘త్రో ఎట్’ అంటే తగలాలని. ‘అగ్రీ విత్’ అంటే ఆ అభిప్రాయమే మనదీ, ‘అగ్రీ టు’ అంటే అభిప్రాయం ఏదైనా ప్రతిపాదనకు సరేనన్నాం. ఉద్యోగంలో ఒక మెయిల్ రాసేటప్పుడు ఈ చివరి తేడా తెలియకపోతే ఒప్పుకోనిదానికి ఒప్పుకున్నట్టు అవుతుంది.

కనుక పరీక్షలో ఖాళీ ఇచ్చి పూరించమనే ప్రశ్న తీసేసి, షౌటెడ్ టు, షౌటెడ్ ఎట్ వాక్యాలు రెండూ పక్కపక్కన ఇచ్చి, ఏ వాక్యంలో ఎవరికి కోపం వచ్చిందో తెలుగులోనే రాయమనాలి. ఆరో తరగతి నుంచే అడగొచ్చు.